ఈఏ888 టర్బో పెట్రోల్ ఇంజన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోక్స్‌వ్యాగన్, ఆడి, స్కోడా బండ్లలో వచ్చే 1.8, 2.0 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్ మీద రెండు మాటలు బాగా పాకిపోయాయి. ఒకటి "చైన్ జారుతుంది", రెండోది "ఆయిల్ తాగుతుంది". రెండింటిలోనూ నిజం ఉంది. కానీ అది ఈ కుటుంబంలోని కొన్ని సంవత్సరాల ఇంజన్లకే వర్తిస్తుంది. 2010 బండికి సరిపోయే సలహా 2017 బండికి చెప్తే డబ్బు దండగ, 2017 బండికి చెప్పాల్సింది 2010 బండికి చెప్తే ఇంజనే పోతుంది. మీ బండి ఏ జెనరేషన్‌దో ముందు తేల్చుకోవాలి. ఏ ప్రశ్నకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు.

## ఇంజన్‌ను గుర్తుపట్టడం

టీఎస్‌ఐ అని రాసి ఉన్నవన్నీ ఈఏ888 ఇంజన్లేనా?

కాదు. టీఎస్‌ఐ అనేది అమ్మకాల పేరు. అదే ఇంజన్ ఆడిలో ఉంటే టీఎఫ్‌ఎస్‌ఐ అంటారు. ఈఏ888 అనేది కంపెనీ లోపల ఇంజన్ కుటుంబానికి పెట్టుకున్న నంబరు. మన దగ్గర కుషాక్, స్లావియా, టైగున్, వర్టస్‌లలో వచ్చే 1.0, 1.5 టీఎస్‌ఐలు ఈఏ211 కుటుంబానివి. వాటిలో అల్యూమినియం బ్లాక్, టైమింగ్ బెల్టు ఉంటాయి. ఈఏ888లో ఇనుప బ్లాక్, టైమింగ్ చైన్. వాల్వులను తెరిచి మూసే కామ్‌షాఫ్ట్‌ను క్రాంక్‌తో కలిపి తిప్పేది ఈ బెల్టో చైనో. సామర్థ్యం 1798 సీసీ అయినా 1984 సీసీ అయినా ఉంటే, 2007 తర్వాతి బండి అయితే, చైన్ ఉంటే అది దాదాపుగా ఈఏ888యే. అంతకుముందు 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ కూడా 1984 సీసీయే, కానీ అది బెల్టుతో నడిచే ఈఏ113.

మన దేశంలో ఏయే బండ్లలో ఈ ఇంజన్ వచ్చింది?

స్కోడాలో లారా 1.8 టీఎస్‌ఐ, రెండో తరం సూపర్బ్ 1.8, 2013 నుంచి వచ్చిన ఆక్టేవియా 1.8, 2016 సూపర్బ్ 1.8, ఆక్టేవియా ఆర్‌ఎస్ 230, ఆర్‌ఎస్ 245, ఆ తర్వాత 190 పీఎస్ 2.0తో వచ్చిన ఆక్టేవియా, సూపర్బ్, కోడియాక్. ఫోక్స్‌వ్యాగన్‌లో టిగువాన్ 2.0, టిగువాన్ ఆల్‌స్పేస్, కొద్ది సంఖ్యలో అమ్మిన పోలో జీటీఐ 1.8, ఇటీవలి గోల్ఫ్ జీటీఐ. ఆడిలో ఏ4, క్యూ3, క్యూ5 పెట్రోల్ బండ్లు.

నా బండి ఇంజన్ ఏ జెనరేషన్‌దో ఎలా తెలుస్తుంది? ఆర్‌సీలో రాసి ఉండదు కదా.

నాలుగక్షరాల ఇంజన్ కోడ్ చూడాలి. డిక్కీలో స్టెప్నీ గుంట పక్కన అతికించిన డేటా స్టిక్కర్ మీదా, సర్వీస్ బుక్ మొదటి పేజీలోనూ, ఇంజన్ చైన్ కవర్ మీది చిన్న స్టిక్కర్ మీదా ఉంటుంది. సీడీఏఏ అంటే రెండో జెనరేషన్ 1.8, సీజేఎస్‌ఏ అంటే మూడో జెనరేషన్ 1.8, సీహెచ్‌హెచ్‌బీ అంటే మూడో జెనరేషన్ 2.0, 220 పీఎస్. స్టిక్కర్ ఊడిపోతే చూసి పోల్చుకునే గుర్తు ఒకటి ఉంది. టర్బోకూ సిలిండర్ హెడ్‌కూ మధ్య విడిగా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గొట్టాలు కనిపిస్తే మొదటి లేదా రెండో జెనరేషన్, టర్బో నేరుగా హెడ్‌కే బిగించి ఉంటే మూడో జెనరేషన్ లేదా ఆ తర్వాతది.

జెన్ 1, జెన్ 2, జెన్ 3 అంటారు. అసలు ఏం మారింది?

కొలతల్లో మారనివి చాలా ఉన్నాయి. సిలిండర్ల మధ్య దూరం 88 మి.మీ., బోరు 82.5 మి.మీ. అన్నింటికీ అవే. స్ట్రోకు 84.1 మి.మీ. అయితే 1.8, 92.8 మి.మీ. అయితే 2.0.

మొదటిది 2007 ప్రాంతంలో వచ్చింది. ఏడాది రెండేళ్లలోనే రెండో జెనరేషన్ తెచ్చారు. రాపిడి తగ్గించడమే దాని లక్ష్యం. 1.8లో క్రాంక్ మెయిన్ బేరింగు వ్యాసం 58 నుంచి 52 మి.మీ.కు దిగింది, బోరు హోనింగ్ మారింది, పిస్టన్ రింగులు మారాయి, అవసరాన్ని బట్టి ప్రెషర్ మార్చుకునే ఆయిల్ పంపు వచ్చింది. మైలేజీ పెరిగింది. ఆ రింగుల మార్పే తర్వాత ఆయిల్ తాగే సమస్యగా తేలింది.

2011లో మూడో జెనరేషన్ ఆడి ఏ5 1.8తో మొదలైంది. ఇది దాదాపు కొత్త ఇంజనే. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ హెడ్‌లో కలిసిపోయింది. థర్మోస్టాట్ బదులు మోటారుతో తిరిగే రోటరీ వాల్వు వచ్చింది. టర్బో ఒత్తిడిని అదుపులో ఉంచే వేస్ట్‌గేట్‌కు ఎలక్ట్రిక్ మోటారు పెట్టారు. 1.8లో మెయిన్ బేరింగు 48 మి.మీ.కు, క్రాంక్ కౌంటర్‌వెయిట్లు 8 నుంచి 4కు తగ్గాయి. బ్లాక్ గోడ మందం 3.5 నుంచి 3 మి.మీ.కు దిగింది. చాలా వెర్షన్లలో డైరెక్ట్ ఇంజెక్షన్‌కు (పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి) తోడు పోర్ట్ ఇంజెక్షన్ (ఇంటేక్ వాల్వుల వెనక నుంచి) కూడా పెట్టారు. డైరెక్ట్ ఇంజెక్షన్ ప్రెషర్ 150 బార్ నుంచి 200 బార్‌కు పెరిగింది.

2015లో ఆడి ఏ4తో వచ్చిన 190 పీఎస్ 2.0ను 3బీ అంటారు. ఇంటేక్ వాల్వును ముందే మూసే పద్ధతితో, 11.65:1 కంప్రెషన్‌తో నడుస్తుంది. నాలుగోది 2020 గోల్ఫ్ జీటీఐతో వచ్చింది, ఇంజెక్షన్ ప్రెషర్ 350 బార్.

ఒకే 2.0 ఇంజన్ ఒక బండిలో 190, ఇంకో బండిలో 320 పీఎస్ ఎలా ఇస్తుంది? సాఫ్ట్‌వేర్ తేడా ఒక్కటేనా?

సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు. గోల్ఫ్ ఆర్ లాంటి బండ్లలో ఉన్న ఇంజన్‌కు టర్బో పెద్దది, పిస్టన్లు వేరు, కంప్రెషన్ తక్కువ. ఏడో తరం గోల్ఫ్ జీటీఐలో 9.6:1 ఉంటే గోల్ఫ్ ఆర్‌లో 9.3:1. వేడి ఎక్కువ కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వుల మెటీరియల్, కూలింగ్ కూడా మారతాయి. 190 పీఎస్ ఇంజన్ కంప్రెషన్ 11 దాటి ఉంటుంది. అందులో బూస్ట్, అంటే టర్బో ఒత్తిడి పెంచుకుంటూ పోతే నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి అంటుకోవడం) వస్తుంది. బ్లాక్ ఒకటే కదా అని రెండింటినీ ఒకే ఇంజన్ అనుకోకూడదు.

సూపర్బ్ 1.8 మాన్యువల్‌లో 320 ఎన్‌ఎం, డీఎస్‌జీలో 250 ఎన్‌ఎం. ఇంజన్ వేరా?

ఇంజన్ ఒకటే. డీఎస్‌జీ అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఇందులోది డ్రై క్లచ్‌ల డీక్యూ200. అది మోయగల టార్క్ 250 ఎన్‌ఎం, అందుకే ఇంజన్‌ను అక్కడికి కట్టేశారు. పవర్ రెండింట్లోనూ 180 పీఎస్సే. ఆక్టేవియా 1.8 డీఎస్‌జీకీ ఇదే లెక్క. రీమ్యాప్ (సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) చేయించాలనుకునేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఈ గేర్‌బాక్స్ సంగతి.

## తయారీ

ఈ ఇంజన్ ఎక్కడ తయారవుతుంది? మన దగ్గర తయారు కాదా?

ప్రధానంగా హంగరీలోని గ్యోర్‌లో, ఆడి హంగేరియా ఫ్యాక్టరీలో. 1993లో స్థాపించిన ఆ ఫ్యాక్టరీ 2018లో అన్ని రకాలూ కలిపి 19 లక్షలకు పైగా ఇంజన్లు తయారుచేసింది. ఉత్తర అమెరికా బండ్ల కోసం మెక్సికోలోని సిలావ్‌లో 2013 జనవరిలో ఫ్యాక్టరీ తెరిచారు. అది ఫోక్స్‌వ్యాగన్ గ్రూపుకు నూరో ఫ్యాక్టరీ. చైనా బండ్లకు దాలియన్‌లో తయారవుతాయి. మన దేశంలో ఈ కుటుంబం ఇంజన్ తయారు కాదు. ఔరంగాబాద్, అంటే ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్ ఫ్యాక్టరీలో బిగించిన ఆక్టేవియా, సూపర్బ్‌లకు ఇంజన్ విదేశాల నుంచే వచ్చింది. పార్టుల ధర మండడానికీ, కొన్ని పార్టులకు వారాల తరబడి ఆగాల్సి రావడానికీ కారణం ఇదే.

ఈ రోజుల్లో కూడా ఇనుప బ్లాక్ ఏమిటి? పాత టెక్నాలజీ కాదా?

ఆలోచించి తీసుకున్న నిర్ణయమే. టర్బో ఇంజన్‌లో సిలిండర్ లోపలి ఒత్తిడి చాలా ఎక్కువ. కాస్ట్ ఐరన్ తక్కువ మందంతోనే ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది, బోరు వంకర పోదు, విడిగా లైనర్లు అక్కర్లేదు. మూడో జెనరేషన్‌లో గోడలు పలచన చేసి బ్లాక్ బరువును 33 కిలోలకు దించారు. పూర్తి 1.8 ఇంజన్ 131.5 కిలోలు. ఈ బ్లాక్ వల్లే 1.8 నుంచి 300 పీఎస్ పైబడిన ఇంజన్ల వరకు ఒకే లైన్ మీద తయారు చేయగలుగుతున్నారు.

లైన్ మీద ఇంజన్ ఎలా తయారవుతుంది? మామూలు గ్యారేజీలో అదే నాణ్యత ఎందుకు రాదు?

పోత పోసిన బ్లాక్‌ను ముందు మిల్లింగ్, బోరింగ్ చేసి, చివర హోనింగ్‌తో బోరు గోడ మీద అడ్డగీతలు తెస్తారు. ఆ గీతల లోతును బట్టే ఆయిల్ పొర నిలుస్తుంది.

కనెక్టింగ్ రాడ్డు పెద్ద కన్నును రంపంతో కోయరు. లోపల గాటు పెట్టి ఒక్క దెబ్బతో విరగ్గొడతారు. విరిగిన రెండు ముఖాలూ గరుకుగా, ఒకదానికొకటే సరిపోయేలా ఉంటాయి. క్యాప్ బిగించినప్పుడు వెంట్రుకవాసి కూడా కదలదు. అందుకే ఒక రాడ్డు క్యాప్ ఇంకో రాడ్డుకు పెట్టకూడదు, తిప్పి పెట్టకూడదు. విప్పేటప్పుడు సిలిండర్ నంబరు మార్కర్‌తో రాసుకోవాలి.

మెయిన్ బేరింగు షెల్స్ కూడా అన్నీ ఒక సైజువి కావు. బ్లాక్ మీద చెక్కిన గుర్తుల ప్రకారం మైక్రాన్ల తేడాతో రంగు కోడ్ ఎంచుకుంటారు. గ్యారేజీలో "స్టాండర్డ్ సెట్" తెచ్చి వేసేస్తే ఆయిల్ క్లియరెన్స్ తప్పుతుంది. బేరింగులు మార్చేటప్పుడు ఆ గుర్తులు చదివారా లేదా అని మెకానిక్‌ను తప్పకుండా అడగండి.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను హెడ్‌లోనే కలిపేయడం వల్ల ఏమిటి లాభం?

రెండు లాభాలు. పొద్దున స్టార్ట్ చేయగానే ఎగ్జాస్ట్ వేడి కూలెంట్‌కు చేరి ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది. హైవే మీద గట్టిగా తొక్కినప్పుడు అదే కూలెంట్ ఎగ్జాస్ట్ గ్యాస్‌ను టర్బో చేరకముందే చల్లబరుస్తుంది. ఇదివరకు టర్బోను కాపాడడానికి అదనంగా పెట్రోల్ చల్లేవారు, ఆ అవసరం చాలావరకు తప్పింది. నష్టమేమిటంటే కూలింగ్ సిస్టమ్ మీద భారం పెరిగింది. మూడో జెనరేషన్‌లో కూలెంట్ లెవెల్‌ను అశ్రద్ధ చేస్తే హెడ్ వంకర పోయే ప్రమాదం పాత ఇంజన్ల కంటే ఎక్కువ.

## సెకండ్ హ్యాండ్‌లో కొనే ముందు

2010 సూపర్బ్ చవకగా వస్తోంది. ఆయిల్ తాగుతుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

ఆ కాలం రెండో జెనరేషన్ ఇంజన్లలో ఆయిల్ రింగు సన్నగా, పట్టు తక్కువగా ఉంటుంది. రింగు గాడి వెనక ఆయిల్ కిందికి జారిపోయే రంధ్రాలు చిన్నవి. వాటికి మసి పట్టి మూసుకుపోతే ఆయిల్ పైకెక్కి కాలిపోతుంది.

ఒక్క టెస్ట్ డ్రైవ్‌లో ఇది తేలదు. అమ్మే వ్యక్తి ఒప్పుకుంటే ఆయిల్‌ను డిప్‌స్టిక్ పై గీత వరకు నింపి, 500 నుంచి 1000 కి.మీ. తిప్పి, బండి సమతలంగా నిలిపి, ఇంజన్ వేడిగా ఉండగా ఆపి పది నిమిషాలాగి మళ్లీ కొలవండి. కంపెనీ మాన్యువల్ 1000 కి.మీ.కు అర లీటరు వరకు మామూలే అంటుంది. మా లెక్కలో అంత తాగే బండి కొనడానికి పనికిరాదు. అంత వ్యవధి ఇవ్వకపోతే స్పార్క్ ప్లగ్గులు తీయించి చూడండి. నాలుగింటిలో ఏ ఒక్కటి తడిగా, నల్లగా జిడ్డుగా ఉన్నా వదిలేయండి. టెయిల్ పైపు నలుపును మాత్రం నమ్మకండి. డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లలో అది మామూలుగానే నల్లగా ఉంటుంది.

చైన్ టెన్షనర్ సమస్య ఏ బండ్లకు? వినికిడితో పట్టేయవచ్చా?

మొదటి, రెండో జెనరేషన్లకు, ముఖ్యంగా 2012కు ముందు తయారైనవాటికి. ఇంజన్ ఆపాక ఆయిల్ ప్రెషర్ ఉండదు. అప్పుడు చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ పిస్టన్ వెనక్కి పోకుండా పళ్ల మీద ఒక క్లిప్పు పట్టుకోవాలి. పాత డిజైన్‌లో ఆ క్లిప్పు పట్టు వదిలేస్తుంది. చైన్ వదులై, మర్నాడు సెల్ఫ్ కొట్టగానే పళ్లు దాటుతుంది. వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి. అక్కడితో హెడ్ పని తప్పదు.

రాత్రంతా ఆపిన బండిని పొద్దున మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంటే అనుమానించాల్సిందే. ఒకటి రెండు సెకన్లకు మించి గరగరమని ఇనుప శబ్దం వస్తే చైన్ పని ఉన్నట్టే. శబ్దం లేదని ధీమా పడకూడదు, కొన్ని ఇంజన్లు ఏ హెచ్చరికా లేకుండానే జారాయి. కింది చైన్ కవర్‌లో చిన్న రబ్బరు మూత ఉంటుంది. అది తీసి టార్చి వేస్తే టెన్షనర్ పళ్లు కనిపిస్తాయి. పిస్టన్ ఎక్కువగా బయటికి వచ్చి ఉంటే చైన్ సాగిపోయింది. స్కానర్‌లో కామ్‌షాఫ్ట్ ఫేజ్ పొజిషన్ కూడా చూపించమనండి. మార్చినట్టు బిల్లు లేకపోతే ఆ ఖర్చును బండి ధరలోంచి తగ్గించుకుని మాట్లాడండి.

మూడో జెనరేషన్ ఆక్టేవియా కొంటున్నాను. దీనిలో దేని కోసం వెతకాలి?

కూలెంట్ లీకేజీ కోసం. చైన్, ఆయిల్ సమస్యలు ఇందులో చాలా తగ్గాయి. వాటర్ పంపు, థర్మోస్టాట్ స్థానంలోని రోటరీ వాల్వు రెండూ కలిసి ఒక ప్లాస్టిక్ హౌసింగ్‌లో ఉంటాయి. అది ఇంటేక్ మానిఫోల్డ్ కింద, గేర్‌బాక్స్ వైపు దాగి ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికీ చల్లదనానికీ ప్లాస్టిక్ వంగి సీల్ దగ్గర కారుతుంది. కారింది కింద పడకుండా వేడి ఇంజన్ మీదే ఆవిరైపోతుంది, అందుకే నేల మీద మరక ఉండదు. గేర్‌బాక్స్ పైభాగం మీద, ఆ హౌసింగ్ అంచుల్లో ఎండిన గులాబీ రంగు పొడి లాంటి పొర కోసం టార్చి వేసి చూడండి. బానెట్ ఎత్తగానే తియ్యటి వాసన వస్తే అదీ గుర్తే. ట్యాంకులో కూలెంట్ నిండుగా ఉందని మోసపోకండి, నిన్ననే పోసి ఉండవచ్చు.

## రోజువారీ వాడకం, సర్వీసు

ఏ ఆయిల్ వాడాలి? షాపు వాళ్లు 5డబ్ల్యూ-30 ఏదైనా ఒకటే అంటున్నారు.

ఒకటి కాదు. చిక్కదనం ఒక్కటే చూస్తే చాలదు, డబ్బా వెనక వీడబ్ల్యూ అప్రూవల్ నంబరు ఉండాలి. పాత జెనరేషన్లకు 502 00, ఆ తర్వాతివాటికి 504 00, కొన్ని కొత్తవాటికి 0డబ్ల్యూ-20లో 508 00. మీ బండికి ఏదో మాన్యువల్‌లో ఉంటుంది. 508 00 ఆయిల్ చాలా పలచన, దాని కోసం తయారుకాని పాత ఇంజన్‌లో పోయకూడదు. పరిమాణం కూడా మారుతుంది. రెండో జెనరేషన్‌కు దాదాపు 4.6 లీటర్లు, ఆక్టేవియా లాంటి మూడో జెనరేషన్ బండ్లకు దాదాపు 5.7 లీటర్లు. నాలుగు లీటర్ల డబ్బా ఒక్కటి తెచ్చి పోసి పంపించే చోట్లు ఉన్నాయి, బిల్లులో లీటర్లు చూసుకోండి.

ఎన్ని కి.మీ.కు మార్చాలంటే, షెడ్యూలు 15,000 కి.మీ. లేదా ఏడాది అంటుంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆగుతూ సాగే బండికి 7,500 నుంచి 10,000 కి.మీ.కే మార్చమంటాం. చైన్ టెన్షనర్, టర్బో బేరింగులు, కామ్ అడ్జస్టర్ అన్నీ ఆ ఆయిల్ మీదే బతుకుతాయి.

ఆయిల్ మార్చాక ఛాంబర్ దగ్గర కారుతోంది. ఎందుకు?

ఆక్టేవియా, జీటీఐ లాంటి మూడో జెనరేషన్ బండ్లలో ఆయిల్ ఛాంబర్ కింది భాగం ప్లాస్టిక్. డ్రెయిన్ ప్లగ్గు కూడా ప్లాస్టిక్‌దే, సీల్ దానికే అతుక్కుని ఉంటుంది, కొద్దిగా తిప్పితే ఊడుతుంది. అది ఒక్కసారికే. ప్రతి సర్వీసుకూ కొత్తది వేయాలి. పాతదాన్నే ఇనుప బోల్టులా గట్టిగా బిగిస్తే ఛాంబర్ అంచు విరుగుతుంది.

మామూలు పెట్రోల్ పోయవచ్చా, ఎక్స్‌పీ95 తప్పనిసరా?

పెట్రోల్ మూత తలుపు లోపలి స్టిక్కర్ చూడండి. అక్కడ 95 ఆర్‌ఓఎన్ అని రాసి ఉంటే 95 ఆక్టేన్ పోయడమే సరైనది. తక్కువ ఆక్టేన్‌తో ఇంజన్ వెంటనే పాడు కాదు, నాక్ సెన్సర్ ఇగ్నిషన్‌ను వెనక్కి లాగి కాపాడుతుంది. దానికి బదులు పికప్, మైలేజీ తగ్గుతాయి. మే నెల ఎండలో నిండు బండితో ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. 100 ఆక్టేన్ వల్ల రీమ్యాప్ లేని బండికి ఖర్చు తప్ప కలిసొచ్చేది పెద్దగా లేదు.

ఘాట్ రోడ్డు దిగాక టర్బో చల్లారేదాకా ఇంజన్ ఆన్‌లో ఉంచాలా?

దిగుతూ వచ్చాక అక్కర్లేదు, అప్పటికే టర్బో చల్లబడి ఉంటుంది. శ్రీశైలం ఘాట్‌నో అరకు ఘాట్‌నో గట్టిగా ఎక్కి పైన వెంటనే ఆపేటప్పుడు అర నిమిషం, ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే మంచిది. ఇంజన్ ఆపాక కూడా ఎలక్ట్రిక్ పంపు కూలెంట్‌ను టర్బో గుండా కాసేపు తిప్పుతుంది. బానెట్ కింద వినిపించే ఆ చప్పుడును చూసి కంగారు పడకండి.

ఎక్కువ గేరులో తక్కువ వేగంతో పోతే మైలేజీ వస్తుంది కదా? అది ఇంజన్‌కు మంచిదేనా?

సమతల రోడ్డు మీద సాఫీగా పోతున్నంతసేపు మంచిదే. 1,500 ఆర్‌పీఎమ్ దగ్గర టాప్ గేరులో ఉండి ఒక్కసారిగా యాక్సిలరేటర్ అంతా తొక్కితే కష్టం. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో అలాంటప్పుడు స్పార్క్ కంటే ముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంది. పిస్టన్ గాడి అంచు విరిగేంత దెబ్బ అది. మాన్యువల్ అయితే ఒక గేరు దించి తొక్కండి.

కూలెంట్ తగ్గింది. బోరు నీళ్లు పోయవచ్చా? పచ్చ కూలెంట్ కలపవచ్చా?

రెండూ వద్దు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఇంట్లో గీజర్ కాయిల్‌కు కట్టే గార లాంటిదే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. కంపెనీ కూలెంట్ జీ13 గానీ దాని తర్వాతి జీ12 ఈవో గానీ డిస్టిల్డ్ వాటర్‌లో సగానికి సగం కలిపి పోయాలి. వేరే రకం పచ్చ కూలెంట్ కలిస్తే తుప్పును ఆపే గుణం దెబ్బతింటుంది, అడుగున మడ్డి కడుతుంది. దారిలో అత్యవసరమైతే డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే పోసి ఇంటికి చేరండి. కొత్త కూలెంట్ తగ్గుతూ ఉంటే పోస్తూ పోకుండా, కూలింగ్ సిస్టమ్‌కు ప్రెషర్ టెస్ట్ చేయించండి.

## తేడా కనిపించినప్పుడు

చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ వణుకుతోంది, వేడెక్కాక బాగానే ఉంది. కార్బన్ పట్టిందంటున్నారు. నిజమేనా?

డైరెక్ట్ ఇంజెక్షన్ ఒక్కటే ఉన్న ఇంజన్ అయితే నిజం కావచ్చు. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి పోతుంది కాబట్టి ఇంటేక్ వాల్వుల వెనక్కి ఆయిల్ ఆవిరి చేరి కాలి గట్టిపడుతుంది, దాన్ని కడిగే పెట్రోల్ అక్కడికి రాదు. పెట్రోల్‌లో కలిపే క్లీనర్ సీసాలు దీనికి పనిచేయవు.

సరైన పని ఇది. ఇంటేక్ మానిఫోల్డ్ విప్పాలి. ఒక్కో సిలిండర్‌కు క్రాంక్ తిప్పి రెండు ఇంటేక్ వాల్వులూ పూర్తిగా మూసుకునేలా చూడాలి. వాల్‌నట్ పెంకు పొడిని కంప్రెసర్ గాలితో కొడుతూ, పక్కనుంచి వాక్యూమ్‌తో లాగాలి. వాల్వు కొద్దిగా తెరిచి ఉన్నా పొడి సిలిండర్‌లో పడుతుంది. మానిఫోల్డ్ తిరిగి బిగించేటప్పుడు ప్యాకింగులు కొత్తవి వేయాలి.

పోర్ట్ ఇంజెక్షన్ కూడా ఉన్న మూడో జెనరేషన్ ఇంజన్‌లో ఈ సమస్య తక్కువ. మానిఫోల్డ్ మీద రెండో ఫ్యూయల్ రైలు ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది. ఉంటే ముందు కాయిల్స్, ప్లగ్గులు చూపించండి.

చెక్ ఇంజన్ లైట్ వెలిగింది, స్కానర్‌లో పీ0302 అంది. ఏం మార్చాలి?

రెండో సిలిండర్ మిస్‌ఫైర్ అని దానర్థం. ఏదీ కొనకముందు రెండో కాయిల్‌ను మూడో సిలిండర్‌కు, మూడోదాన్ని రెండుకు మార్చి, కోడ్ తుడిచి, కాసేపు నడపండి. ఇప్పుడు పీ0303 వస్తే కాయిల్ పోయింది. పీ0302యే మళ్లీ వస్తే ప్లగ్గుల్ని అలాగే మార్చి చూడండి. అదీ కాకపోతే ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. ఇంజన్ లైట్ ఆగి ఆగి మెరుస్తుంటే మాత్రం బండి నడపకండి, కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది.

ఇంజన్ పైభాగం నుంచి సన్నగా ఈల లాంటి శబ్దం వస్తోంది, ఐడిల్ నిలకడగా లేదు.

పీసీవీ వాల్వు (ఇంజన్ లోపలి ఆయిల్ ఆవిరిని ఇంటేక్‌కు పంపేది) లోపలి రబ్బరు పొర చిరిగి ఉంటుంది. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి చూడండి. మామూలుగా కొద్దిపాటి లాగుడు ఉంటుంది. మూత పైకి రానంత గట్టిగా లాగి, తీయగానే ఈల ఆగితే పొర చిరిగినట్టే. యూనిట్ మొత్తం మార్చాలి. వాయిదా వేయవద్దు. లోపలి వాక్యూమ్ ఎక్కువై గేర్‌బాక్స్ వైపున్న క్రాంక్ వెనక సీల్ పాడవుతుంది. ఆ సీల్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి.

హై ప్రెషర్ పంపు కింద కామ్ ఫాలోవర్ అరుగుతుందట, ప్రతి 30,000 కి.మీ.కు చూడాలా?

అది పాత ఈఏ113 ఇంజన్‌కు చెప్పిన సలహా. అక్కడ ఫాలోవర్ అడుగు చదునుగా ఉండి కామ్ మీద రాసుకునేది. ఈఏ888లో రోలర్ ఉంటుంది, ఆ రకం అరుగుదల లేదు. దాని కోసం పంపు విప్పించకండి.

అమెరికాలో నా జీటీఐకీ, ఇండియాలో నాన్నగారి ఆక్టేవియాకూ ఇంజన్ ఒకటే అంటారు. మరి సమస్యలు వేరు వేరుగా ఎందుకున్నాయి?

కుటుంబం ఒకటే, అమరిక వేరు. ఉత్తర అమెరికా మూడో జెనరేషన్ బండ్లకు పోర్ట్ ఇంజెక్షన్ ఇవ్వలేదు. అందుకే అక్కడి ఫోరమ్‌లలో వాల్వుల కార్బన్ గురించే ఎక్కువ మాట్లాడతారు. ఇక్కడ వేడి, ట్రాఫిక్, తక్కువ ఆక్టేన్ పెట్రోల్ కలిసి కూలింగ్ మీదా ఆయిల్ మీదా భారం వేస్తాయి. అక్కడి మిత్రులు చెప్పిన పార్టు నంబర్లను ఇక్కడి ఇంజన్ కోడ్‌తో సరిపోల్చకుండా ఆర్డరు పెట్టకండి.

## పెద్ద పని చేయించేటప్పుడు

చైన్ మార్పిస్తున్నాను. ఏమేం కొత్తవి వేయించాలి, మెకానిక్ ఎక్కడ పొరపాటు చేయవచ్చు?

మొత్తం మూడు చైన్లు ఉంటాయి: కామ్‌షాఫ్ట్‌లకు, బ్యాలెన్స్ షాఫ్ట్‌లకు, ఆయిల్ పంపుకు. కామ్ చైన్ ఒక్కటే మార్చి వదిలేయడం తప్పుడు పొదుపు. కొత్త డిజైన్ టెన్షనర్, గైడ్లన్నీ, బ్యాలెన్స్ చైన్, ముందు క్రాంక్ సీల్, ఒక్కసారికే పనికొచ్చే బోల్టులు కొత్తవి వేయాలి. కింది చైన్ కవర్ పలచటి రేకు. పాత సీలెంట్ ఊడదీసేటప్పుడు అంచు వంగితే ఎంత సీలెంట్ రాసినా కారుతుంది, కొత్త కవర్ వేయడం మేలు.

పొరపాట్లు జరిగే చోట్లు నాలుగు. క్రాంక్ పుల్లీ బోల్టే లోపలి స్ప్రాకెట్‌ను కూడా పట్టి ఉంచుతుంది. దాన్ని పట్టుకునే టూల్ లేకుండా విప్పితే స్ప్రాకెట్ వదులై టైమింగ్ తప్పుతుంది. ఇంకో పని కోసం పుల్లీ ఒక్కటే విప్పినా ఇదే ప్రమాదం. రెండోది, పాత జెనరేషన్లలో ఇంటేక్ కామ్ కంట్రోల్ వాల్వుది ఎడమ మర. అలవాటు ప్రకారం తిప్పితే విరుగుతుంది. మూడోది, కామ్‌షాఫ్ట్ ముందు బ్రాకెట్ లోపలి చిన్న జల్లెడ. అది ఊడి కామ్ అడ్జస్టర్‌లోకి చేరిన ఇంజన్లు ఉన్నాయి, చైన్ విప్పినప్పుడే దాన్నీ చూడాలి. నాలుగోది, చైన్ మీది రంగు లింకులు. బిగించేటప్పుడు అవి గుర్తులకు ఎదురుగా ఉండాలి. క్రాంక్ రెండు చుట్లు తిప్పాక మళ్లీ కలవవు, కలవలేదని విప్పి మళ్లీ బిగించడం అనవసరం. స్ప్రాకెట్ గుర్తులు చూస్తే చాలు. బ్యాలెన్స్ షాఫ్ట్‌లు క్రాంక్‌కు రెట్టింపు వేగంతో తిరుగుతాయి. ఒక్క పన్ను తేడాగా పెట్టినా ఇంజన్ బాగానే నడుస్తుంది గానీ స్టీరింగ్ దాకా వణుకు వస్తుంది.

ఆయిల్ తాగే ఇంజన్‌కు రింగులు మారిస్తే సరిపోతుందా?

రింగులొక్కటే మారిస్తే కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది, పాత పిస్టన్ల చిన్న రంధ్రాలు అలాగే ఉంటాయి కాబట్టి. సవరించిన పిస్టన్లు, రింగులు కలిపి వేయాలి. ఆర్డరు పెట్టే ముందు పిస్టన్ పిన్ను వ్యాసం కొలవండి. ఈ ఇంజన్లలో 21 మి.మీ., 23 మి.మీ. రెండు రకాలున్నాయి. 21 ఉన్న ఇంజన్‌కు 23 పిన్ను పిస్టన్లు తెస్తే కనెక్టింగ్ రాడ్లూ మార్చాలి. బోరు మీద పాత హోనింగ్ గీతలు కనిపిస్తున్నాయా, కొలత దాటిందా చూడకుండా పిస్టన్లు దించవద్దు. అంతకంటే ముందు పీసీవీ వాల్వు మార్చి వెయ్యి కి.మీ. తిప్పి చూడండి. కొన్నిసార్లు ఆయిల్ పోయే దారి అదే.

1.8 టీఎస్‌ఐ డీఎస్‌జీ ఆక్టేవియాను రీమ్యాప్ చేయిస్తే ప్రమాదమా?

ఇంజన్ తట్టుకుంటుంది, గేర్‌బాక్సే అనుమానం. డీక్యూ200 డ్రై క్లచ్‌లకు కంపెనీ పెట్టిన హద్దు 250 ఎన్‌ఎం. రీమ్యాప్‌లు 300 ఎన్‌ఎం దాటిస్తాయి. క్లచ్ ప్యాక్ త్వరగా అరుగుతుంది, ట్రాఫిక్‌లో కుదుపులు మొదలవుతాయి. చేయించాలనే పట్టుదల ఉంటే తక్కువ ఆర్‌పీఎమ్‌లో టార్క్ పెంచకుండా పై ఆర్‌పీఎమ్‌లో మాత్రమే పవర్ ఇచ్చే మ్యాప్ అడగండి. ముందుగా ప్లగ్గులు, కాయిల్స్ మార్పించి, కూలెంట్ లీకేజీ లేదని తేల్చుకుని, కంప్రెషన్ టెస్ట్ కాగితం చేతిలో పెట్టుకోండి. ఒరిజినల్ ఫైలు కాపీని ట్యూనర్ దగ్గర వదిలేయకుండా మీరూ ఒకటి తీసుకోండి. షోరూమ్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మ్యాప్ చెరిగిపోతుంది, బండి ఇచ్చే ముందే చెప్పి ఇవ్వాలి.